ఎస్టోనియాకి పంపిన పేడ లెక్క

ఎర్రగుట్టపాలెం జిల్లా పరిషత్ హైస్కూల్ హెడ్మాస్టర్ నాగభూషణరావుకి ఎస్టోనియా ఎక్కడుందో తెలీదు. తెలీదన్న సంగతి ఇంకెవరికీ తెలియకూడదని ఆయన పట్టుదల. అందుకే జూన్ నెల స్టాఫ్ మీటింగులో ఆ దేశం పేరు చెప్పి, "యూరప్ సైడు" అంటూ చేతిని కిటికీ వైపు ఊపాడు. కిటికీ అవతల ఉన్నది రొంపిచెర్ల రోడ్డు.

ఒక సంస్థ వాళ్ళు వేరువేరు దేశాల బడులను రెండేసి చొప్పున జత కలుపుతున్నారు. ప్రతి బడీ తన పక్కనే ఒక కిలోమీటరు నేల ఎంచుకోవాలి. పిల్లలు వారం వారం అక్కడ నడిచి, కనబడిన చెట్టూ పిట్టా పురుగూ రాసుకుని, నెలకోసారి అవతలి బడికి పంపాలి. మధ్యలో ఒకసారి ఒక బడి పిల్లలు రెండో బడికి వచ్చి అవన్నీ కళ్ళారా చూస్తారు. ఎర్రగుట్టపాలేనికి ఎస్టోనియాలో ఒక పల్లెటూరి బడి జతగా తగిలింది. ఈ పనిని బయాలజీ టీచర్ బాలసరస్వతికి అప్పగించారు. ఆ మీటింగులో తల పైకెత్తి కూర్చున్నది ఆమె ఒక్కతే.

బాలసరస్వతి నరసరావుపేట నుంచి రోజూ స్కూటీ మీద వస్తుంది. వాళ్ళది బజారులో మూడు తరాల కిరాణా కొట్టు. ఆ ఇంట్లో అన్నిటినీ తూకం వేస్తారుగానీ ఆమె మాటను మాత్రం ఎవరూ ఏనాడూ తూచలేకపోయారు. శనివారం శనివారం తొమ్మిదో తరగతి పిల్లల్ని ఊరి పక్క వాగు వెంట నడిపించింది. మూడు వారాల్లో తేలిన జాబితాలో తుమ్మచెట్లు, కొంగలు, ఒక నీరుకట్టు పాము, రెండు రకాల కప్పలు, లెక్కలేనన్ని ఖాళీ సీసాలు ఉన్నాయి.

జాబితా చూసి నాగభూషణరావు మొహం మాడింది. తుమ్మచెట్టు చూపించి ఒక దేశం ముందు తలెత్తుకునేదెలా అన్నాడు. ఆ పని తనే చేస్తానని రెండు రోజులు గదిలో ఫోను పట్టుకుని కూర్చుని ముప్ఫై పేజీల ఫొటోల ఫైలు తయారు చేశాడు. దాంట్లో పురి విప్పిన నెమలి, జింకల మంద, కొలను నిండా తామరలు, రాయి మీద కూర్చుని చేప తింటున్న నీటికుక్క ఉన్నాయి. అన్నీ మా వాగు దగ్గరివే అని కింద రాసి, బాలసరస్వతికి చూపించకుండానే పంపేశాడు.

తర్వాతి వారం తరగతి గదిలోని పెద్ద స్క్రీన్ మీద మొదటి వీడియో కాల్ జరిగింది. అటువైపు కాద్రి అనే టీచరు, ఆమె పక్కన పద్నాలుగేళ్ళ పిల్ల ఒకతె. ఆ పిల్ల పేరు అను. వాళ్ళ దేశంలో అది మామూలు పేరేనట. నాగభూషణరావు మాత్రం మన సంస్కృతి ఎంత దూరం పాకిందో చూడండని పిల్లలవైపు తిరిగి మూడు నిమిషాలు మాట్లాడాడు. ఆయన ఆగాక అను ఒక సందేహం అడిగింది. పదిహేడో పేజీలో నీటికుక్క ఫొటో మూల సన్నటి అక్షరాలున్నాయి, అది మా బాబాయి పేరు, ఆ రాయి మా బడి వెనక ఏట్లో ఉంది, మరి మా నీటికుక్క మీ వాగుకి ఎలా వచ్చింది అని. వెటకారంగా అడగలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

నాగభూషణరావు నెట్‌వర్క్ బాగాలేదని చెప్పి స్క్రీన్ ఆపేశాడు. మధ్యాహ్నం భోజనాల వేళకి సంగతి ఊరంతా తెలిసింది. సాయంత్రానికి ఆయనకు నీటికుక్క సారు అని పేరు పడింది.

ఇక ఆ ఎస్టోనియా ఊసు ఎత్తొద్దని ఆయన బాలసరస్వతితో చెప్పాడు. అడిగిన పిల్లకి జవాబు చెప్పకుండా పారిపోతే మనం టీచర్లం ఎందుకని ఆమె అంది. తరగతికి వెళ్ళి, నిజం రాసేవాళ్ళు ఎవరున్నారని అడిగింది. తరగతి మొత్తం సాయిశ్రీ వైపు చూసింది.

సాయిశ్రీ పున్నయ్య కూతురు. పున్నయ్యకి రెండెకరాల మిరప, ఏడు గేదెలు, ఊళ్ళో ఎవరితోనైనా ఎంతసేపైనా వాదించే ఓపిక ఉన్నాయి. మొదటి రెండూ పిల్లకి ఇంకా రాలేదు, మూడోది పుట్టుకతోనే వచ్చింది. ఆమె తెలుగులో రాసిన ఉత్తరాన్ని బాలసరస్వతి ఇంగ్లీషులోకి మార్చింది, ఒక్క ముక్క కూడా తీసెయ్యకుండా.

"అనూ, ఆ నీటికుక్క మీదే. మా సారు ఫోన్లోంచి తీసుకున్నాడు. మా వాగులో నీటికుక్కల్లేవు. ఎండాకాలం నీళ్ళు కూడా ఉండవు. మాకు ఉన్నది గేదెలు. వాటి పేడలో పేడపురుగులు ఉంటాయి. పెద్దవి రేగుపండంత ఉంటాయి. పేడని ఉండలు చేసి నేలలోకి దించి, ఒక్కో ఉండలో ఒక్కో గుడ్డు పెడతాయి. పిల్ల ఆ ఉండనే తిని పెరుగుతుంది. మీకు కావాలంటే వీటిని లెక్కపెట్టి పంపిస్తాను. ఇవి మాత్రం మావే."

పంపాక బాలసరస్వతి ఆ ఉత్తరం హెడ్మాస్టరుకి చూపించింది. ఆయన నాలుగు రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఆ నాలుగు రోజుల్లో ఆమె సిలబస్ ఒక పాఠం ముందుకు జరిగింది.

ఉత్తరం పంపిన మర్నాడే జవాబు వచ్చింది. అక్కడి పిల్లలూ తమ ఆవుల పేడలో పురుగుల్ని లెక్కపెడుతున్నారట. వాళ్ళవి బియ్యపు గింజంతే ఉంటాయట, రేగుపండంత పురుగు ఉందంటే బడిలో సగంమంది నమ్మలేదట. ఇద్దరం ఒకే పద్ధతిలో చేద్దామని అను రాసింది. రెండు వేరు ఇళ్ళ పశువుల పేడ తెచ్చి, ఒకే కొలతలో కుప్పలు పెట్టి, అయిదు వారాలాగి, కింద నేల తవ్వి ఉండలు లెక్కపెట్టాలి.

ఆగస్టు మొదట్లో వాన పడ్డాక పున్నయ్య కొట్టం వెనక బీడులో పని మొదలైంది. ఒక ఇంటి పేడకి పున్నయ్య గేదెలున్నాయి. రెండో ఇంటికి, బడిలో మధ్యాహ్న భోజనం వండే సీతారావమ్మ ఒప్పుకుంది. ఆమెకున్నది ఒకే ఒక గేదె. ఖాళీ ఐస్‌క్రీమ్ డబ్బాతో కొలిచి రెండు వరసల్లో ఆరేసి కుప్పలు పెట్టారు. తరగతిలో ఫస్టు వచ్చే సాయిగణేష్ ముక్కుకి రుమాలు కట్టుకుని, దూరంగా నిలబడి అంకెలు రాసే పని తీసుకున్నాడు. సాయిశ్రీ తల్లి అన్నపూర్ణకి ఇదంతా చూస్తుంటే ఒళ్ళు మండింది. కొట్టంలో పేడ తియ్యమంటే చదువుకోవాలనే పిల్ల, ఎస్టోనియా కోసం అయిదింటికి లేచి అదే పేడ దగ్గర గొంతుక్కూర్చుంటోంది.

సెప్టెంబరు మొదట్లో తవ్వారు. సీతారావమ్మ గేదె వరసలో నలభై ఒక్క ఉండలు దొరికాయి. విప్పితే దాదాపు ప్రతిదాంట్లోనూ తెల్లటి పిల్లపురుగు ముడుచుకుని కదులుతోంది. పున్నయ్య గేదెల వరసలో ఇరవై ఎనిమిది ఉండలు. బతికున్న పిల్లలు మూడు. మిగతావి నల్లగా ఎండిపోయి ఉన్నాయి. ఎక్కడో పొరపాటు చేశామనుకుని సాయిశ్రీ ఇంకో మూడు కుప్పలు కొత్తగా పెట్టించింది. అక్టోబరులో తవ్వితే వాటి కిందా అదే కథ.

లెక్క చూసి అను ఒకే ఒక ప్రశ్న పంపింది. మీ నాన్న గేదెలకి నట్టల మందు ఇస్తాడా అని. నట్టలంటే పశువుల కడుపులో పెరిగే పురుగులు. కొన్ని రకాల మందు పేడలోకి దిగి వారాల తరబడి ఉంటుందట, దాన్ని తిన్న పేడపురుగు పిల్లలు చచ్చిపోతాయట. తమ ఊళ్ళోనూ ఇలాగే బయటపడిందని రాసింది.

సాయిశ్రీ తల్లిని అడిగింది. మూడు నెలలకోసారి ఏడింటికీ మీ నాన్న తన చేత్తోనే సూది వేస్తాడని అన్నపూర్ణ చెప్పింది. మొన్న శ్రావణంలో కూడా వేశాడు. సీతారావమ్మని అడిగితే, నా కడుపుకే ఏనాడూ మందు మింగలేదు, గేదెకెందుకే అంది.

ఆ రాత్రి అన్నం తింటున్నప్పుడు తండ్రి మొహం చూసి సాయిశ్రీ నోరు మూసుకుంది. పున్నయ్యకి గేదెల మీద ఉన్న ప్రేమ ఊరందరికీ తెలుసు. మందు వేసే రోజున ఆయన కొత్త లుంగీ కట్టుకుంటాడు. నీ చేత్తోనే పేడపురుగుల్ని చంపుతున్నావని ఆయనకి చెప్పడమెలాగో ఎవరితోనైనా వాదించగల ఆ పిల్లకి తెలియలేదు. ఎస్టోనియాకి తెలిసిన సంగతి రెండు వారాలు ఆ ఇంట్లో నాన్నకి తెలియకుండా ఉండిపోయింది.

అక్టోబరు చివర్లో కాద్రి, అను, మరో ముగ్గురు పిల్లలు వచ్చారు. నాగభూషణరావు జిల్లా అధికారిని పిలిచాడు. స్టేజీ, షామియానా, మైకు, పూలదండలు, రంగుల చీరల్లో కోలాటం సిద్ధం చేశాడు. సాయిశ్రీని పిలిచి, పెద్దాయన ముందు పేడ అనే మాట వినబడకూడదని, ఆమె బదులు సాయిగణేష్ భూతాపం మీద ఇంగ్లీషులో మాట్లాడతాడని చెప్పాడు. సాయిశ్రీ సరేనంది. బాలసరస్వతి సరేననలేదుగానీ ఆ వేళకి మైకు టెస్టింగ్ మొదలవడంతో ఆమె అన్నది ఆయనకి వినబడలేదు. వినబడకపోవడమే మంచిదైంది.

సాయిగణేష్ బాగానే మాట్లాడాడు. అయిపోయాక అను మైకు తీసుకుని, పున్నయ్యగారి వరసలో మూడే ఎలా బతికాయని నువ్వనుకుంటున్నావని అడిగింది. సాయిగణేష్ ఒక్క క్షణం ఆలోచించి, ఉపన్యాసాన్ని మొదటి నుంచి మళ్ళీ ఎత్తుకున్నాడు. రెండు వాక్యాలు విని అను చుట్టూ చూసింది. సాయిశ్రీ ఎక్కడ అని అడిగింది.

సాయిశ్రీ ఇంటికి వెళ్ళిపోయింది. వంటపాక ముందు నిలబడి చూస్తున్న సీతారావమ్మ చేతిలోని గరిటెతో పున్నయ్య కొట్టం వైపు చూపించింది. అను స్టేజీ దిగింది. ఆమె వెనక ముగ్గురు పిల్లలు, వాళ్ళ వెనక కాద్రి, కాద్రి వెనక బడి పిల్లలందరూ లేచారు. ఒంటరిగా మిగిలిన జిల్లా అధికారి కూడా లేచాడు. శాలువా పట్టుకుని అందరికన్నా వెనక నాగభూషణరావు నడిచాడు.

పున్నయ్య లుంగీ ఎగ్గట్టి గేదెని కడుగుతున్నాడు. వస్తున్న ఊరేగింపునీ, అందులో తెల్లచొక్కా అధికారినీ చూసి బెదిరిపోయాడు. కొట్టం గోడ పోరంబోకులోకి రెండడుగులు జరిగిన మాట నిజమే. దానికి ఇంతమంది రావాలా అనుకుని, చెంబు కింద పెట్టి దణ్ణం పెట్టాడు. అధికారి కూడా తిరిగి దణ్ణం పెట్టాడు. ఎందుకు వచ్చారో ఇద్దరికీ తెలియదు.

సాయిశ్రీ కొట్టం వెనక, కుప్పల దగ్గర కూర్చుని ఉంది. అను ఎదురుగా వచ్చి నిలబడింది. ఇద్దరికీ సిగ్గేసింది. తెరమీద చూసుకున్న మొహాలు దగ్గరగా వేరేగా ఉన్నాయి. తర్వాత సాయిశ్రీ పుల్లతో ఒక కుప్ప పక్కకి తీసి చూపించింది. లోపల నిజంగానే రేగుపండంత నల్లటి పురుగు ఉంది. అను బోర్లా పడుకుని దాన్ని చేతిలోకి తీసుకుంది. తెల్లటి డ్రెస్సు మీద పేడ అంటింది. అది చూసి నాగభూషణరావు కళ్ళు మూసుకున్నాడు. ఎస్టోనియా పిల్లలు నలుగురూ ఆ పురుగుని ఒకరి తర్వాత ఒకరు చేత్తో పట్టుకున్నారు. జిల్లా అధికారి కూడా పట్టుకున్నాడు. ఆయనకి చిన్నప్పుడు వీటికి దారం కట్టి ఆడుకున్న సంగతి గుర్తొచ్చిందట. ఇన్నేళ్ళలో మళ్ళీ ఎక్కడా చూడలేదన్నాడు.

పక్కనే రెండు వరసల్లో విడివిడిగా పేర్చిన ఉండలు చూసి, వాటికి తేడా ఏమిటని ఆయనే అడిగాడు. బాలసరస్వతికి జవాబు తెలుసు. అయినా చెప్పకుండా సాయిశ్రీ వైపు చూసింది. సాయిశ్రీ తండ్రి వైపు చూసింది. పున్నయ్య తడిచేతులు తుడుచుకుంటూ గుంపులో ముందుకొచ్చి నిలబడ్డాడు, తన గేదెల గురించి ఏదో మంచిమాట చెప్తారని.

"ఇవి సీతారావమ్మత్త గేదె పేడలో పెరిగినయ్," అంది సాయిశ్రీ. "ఇవి మన గేదెల పేడలో చచ్చినయ్ నానా. నువ్వేసే మందు పేడలోకి దిగతంది. అది తిని చస్తన్నయ్."

పున్నయ్య చెవులు ఎర్రబడ్డాయి. సీతారావమ్మ గేదె తన గేదెలకన్నా మేలని ఊరి ముందు కన్నకూతురు అనడం ఆయనకి మందుకన్నా ఎక్కువ మండింది.

"మందెయ్యకపోతే గేదెలు ఎండి చస్తయ్," అన్నాడు. "అప్పుడు ఈ పురుగులొచ్చి పాలిస్తయ్యా?"

ఆ మాట న్యాయమైనదే. సాయిశ్రీకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బాలసరస్వతి ఆ ప్రశ్నని కాద్రికి ఇంగ్లీషులో చెప్పింది. కాద్రి నవ్వలేదు. తమ ఊరి రైతులూ అచ్చం ఇదే అడిగారని, వాళ్ళకి కోపమూ వచ్చిందని అంది. మందు మానెయ్యమని ఎవరూ చెప్పలేదు. ముందు ఒక్కో ఆవు పేడని మైక్రోస్కోపు కింద పెట్టించి చూశారు. నట్టలున్నవాటికే వేశారు, లేనివాటికి మానేశారు. వేసిన ఆవుల్ని మూడు వారాలు పచ్చిక బయలుకి తోలకుండా విడిగా కట్టేశారు. ఇన్నాళ్ళకి ఇప్పుడిప్పుడే పురుగులు తిరిగొస్తున్నాయట. ఆ పురుగులు పేడని నేలలోకి దించకపోతే పచ్చిక బయలంతా ఎండిన పెంటలతో గట్టిపడిపోయిందట.

పున్నయ్య అంతా విన్నాడు. ఆయన గొంతు కాస్త తగ్గింది.

"పేడ పరీక్షుంటదని మందమ్మినోడు చెప్పలేదే," అన్నాడు.

మండలంలో పశువుల ఆసుపత్రిలోనే చేస్తారని బాలసరస్వతి చెప్పింది. చేయించుకునేవాళ్ళు రాకపోవడంతో ఆ మైక్రోస్కోపు మీద గుడ్డ కప్పి ఉంటుందని కూడా చెప్పింది. ఆమె ఆ గుడ్డని స్వయంగా చూసింది.

తిరిగి బడికి నడుస్తున్నప్పుడు నాగభూషణరావు అను పక్కకి వచ్చాడు. ఆ నీటికుక్క ఫొటో తనే తీసుకున్నానని, తప్పు చేశానని ముక్కలు ముక్కలు ఇంగ్లీషులో చెప్పాడు. తన ఫొటో ఇండియా దాకా వెళ్ళిందని బాబాయి ఊరంతా చెప్పుకుంటున్నాడని అను అంది. ఆయనకి ప్రాణం లేచి వచ్చింది. మిగిలిన ఉపన్యాసాలన్నీ రద్దు చేసి నేరుగా భోజనాలు పెట్టించాడు. ఆయన ఉద్యోగ జీవితంలో పిల్లలు ఆయనకి మనసారా చప్పట్లు కొట్టింది ఆ రోజే.

మూడో రోజు పొద్దున్నే పున్నయ్య వంటింట్లోకి వచ్చి, మూతలున్న చిన్న డబ్బాలు ఏడు కావాలన్నాడు. అన్నపూర్ణ ఎందుకని అడిగితే చెప్పలేదు. చెప్తే ఆమె ఇవ్వదని ఆయనకి తెలుసు. తర్వాత సాయిశ్రీని పిలిచి, ఒక్కో డబ్బా మీద ఒక్కో గేదె పేరు రాయమన్నాడు.

"తప్పు రాయబాకే," అన్నాడు. "ఒకదాని జబ్బు ఇంకోదానికి అంటగడతారు."

అంతే అన్నాడు. సాయిశ్రీ ఏడు పేర్లూ అందంగా రాసింది. రాస్తూ రాస్తూ ఏడ్చింది. ఎందుకో ఆమెకీ తెలియలేదు. పున్నయ్య చూడనట్టు బయటికి పోయి బండి స్టార్ట్ చేశాడు.

ఆసుపత్రిలో ఉన్న డాక్టరు రవి కుమార్‌ కొత్తగా వచ్చిన కుర్రాడు. అంతకుముందెవరూ తన దగ్గరికి ఇలా పేర్లు రాసిన పేడ తీసుకురాలేదని సంబరపడి, గుడ్డ తీసి, ఏడు డబ్బాలూ చూశాడు. ఏడింట్లో నట్టలున్నవి రెండే. మందు ఆ రెండింటికే వేశారు, మూడు వారాలు కొట్టంలోనే కట్టేశారు. మిగతా అయిదూ సూది లేకుండా బీడులోకి పోయాయి.

ఆ తర్వాత టీ కొట్టు దగ్గర పున్నయ్య మాటలు సాయిశ్రీ చాలాసార్లు విన్నది. పరీక్ష చేయించకుండా మందు పొడిచేవాళ్ళు పశువుల్ని పెంచే అర్హత లేనివాళ్ళని ఆయన ఉద్దేశం. ఈ సంగతి ఎలా తెలిసిందని ఎవరైనా అడిగితే, "నేను చానా ఏళ్ళ నించి గమనిస్తన్నా," అనేవాడు. సాయిశ్రీ సైకిల్ ఆపకుండా పోయేది. మొదట్లో ఒళ్ళు మండింది. తర్వాత తర్వాత ఆయన చెప్పే తీరు తనకన్నా బాగుందని ఒప్పుకుంది. ఆయన మాట విని ఊళ్ళో ఇంకో నలుగురు డబ్బాలు పట్టుకుని ఆసుపత్రికి పోయారు. పదిహేనేళ్ళ పిల్ల చెప్తే పోయేవాళ్ళు కాదు.

మరుసటి జూలైలో మంచి వాన పడింది. సాయిశ్రీ పదో తరగతికి వచ్చింది. బాలసరస్వతి కొత్త తొమ్మిదో తరగతిని తీసుకొచ్చి మళ్ళీ ఆరేసి కుప్పలు పెట్టించింది. అయిదు వారాలకి తవ్వితే పున్నయ్య గేదెల వరసలో ముప్ఫై ఏడు ఉండలు, ముప్ఫై ఒకటింట్లో పిల్లలు బతికే ఉన్నాయి. సన్నగా జల్లు పడుతోంది. తడుస్తూనే సాయిశ్రీ ఫొటో తీసి అనుకి పంపింది. అను వెంటనే జవాబు పెట్టింది. వాళ్ళ ఊళ్ళో ఈసారి వాన లేదట, పురుగులు తగ్గిపోయాయట, ఒక్కో వరస మొత్తానికీ నాలుగుకి మించలేదట.

గొడుగు పట్టుకుని పక్కన నిలబడ్డ పున్నయ్య, ఆ పిల్ల ఏమందని అడిగాడు. సాయిశ్రీ చెప్పింది. ఆయన తన ముప్ఫై ఒకటి వైపు ఒకసారి గర్వంగా చూసుకున్నాడు. తర్వాత మొహం కాస్త దిగులుగా పెట్టాడు.

"నాలుగేనంటనా," అన్నాడు. "పాపం. బాధపడబాకమని రాయి."